గున్నేశ్వరరావు గజవిజయము

స్వస్తి శ్రీ కాళయుక్తి నామ సంవత్సర వైశాఖ మాసమున, మామిడిపండ్ల బుట్టల బరువుకు బస్సుల టాపులు మూల్గు వేళ, పేపరు మిల్లు పొగగొట్టముల దివ్యపరిమళము గాలినెక్కి ఇల్లిల్లు పలకరించి పోవుచుండగా, గోదావరి గట్టున కాలు మీద కాలు వేసికొని కూర్చున్న రాజమహేంద్రవరమున, ఒకే ఒక్క మానవుడు, చేతిలో గొడుగు తప్ప వేరొక ఆయుధము లేక, రెండు మత్తేభములతో తలపడి గెలిచెను. ఎవరైనా కాదంటే రమ్మనండి, ఇక్కడే ఉంటాను. ఈ కథలో తోక దగ్గరనుంచి తొండం దాకా ప్రతిదీ నిజం. ఆవగింజంత అబద్ధముందని తేలితే నా మీసం కోటిపల్లి రేవులో గొరిగించుకుంటాను.

ఆ వీరుడెవ్వడంటారా. ప్రూఫుకాగితారణ్యకంఠీరవుడు, పాదసూచికాశత్రుసంహారకుడు, అకారాదిసూచికానిర్మాణదుర్దమపరాక్రముడు, రక్తవర్ణమషీకలశపరిపాలకుడు, అనగా ఎర్రసిరా బుడ్డి తన బల్ల మీద ఉండువాడు, పేరులోనే గున్న ఏనుగును మోయువాడు, శ్రీమాన్ గున్నేశ్వరరావు. ఒకానొక విశ్వవిద్యాలయపు ప్రచురణల విభాగమున సంపాదక సహాయకుడు. ఆ విశ్వవిద్యాలయం పేరు చెప్పను. చెబితే ఎందుకు చెప్పానో విచారించడానికి కమిటీ వేస్తారు.

సంపాదకుడు అనగా పుస్తకము పైన పేరుండువాడు. సంపాదక సహాయకుడు అనగా పుస్తకము లోపల పని ఉండువాడు. ఆచార్యులు చల్లిన చేలో కలుపు తీసి, గట్లు వేసి, నీరు కట్టి, చీడ ఏరి, కుప్ప నూర్చువరకు చేనులో నిలబడువాడు మన గున్నేశ్వరరావు. బండి కట్టించుకొని ధాన్యమింటికి తోలుకొనిపోవువాడు ఆచార్యుడు. ఇంతకూ ఆ ప్రచురణల విభాగము చేయు ఘనకార్యమేమనగా, ఉద్గ్రంథములను అచ్చొత్తించి, పాఠకుల చేతిమురికి సోకకుండ గోడౌనులో భద్రపరచుట.

ఇట్టి వీరునకును ఒక శల్యము గుండెలో గుచ్చుకొని ఉండెను. ఆ శల్యము పేరు సత్తిరాజుగారు. ద్రాక్షారామ నారికేళసార్వభౌముడు, అనగా కొబ్బరికాయల వ్యాపారి, గున్నేశ్వరరావునకు పిల్లనిచ్చిన మామ. ఆయన ఒకప్పుడు రాజమండ్రి వచ్చి మెయిన్ రోడ్డున పోవుచుండగా, మిట్టమధ్యాహ్నపు ఎండలో ప్రూఫుల కట్ట భుజాన వేసికొని, చెమటలు కక్కుచు ప్రెస్సుకు పోవుచున్న అల్లుని చూచెను. చూచి పలకరించలేదు. తిన్నగా ద్రాక్షారామం వెళ్ళిపోయాడు. ఆనాటినుంచి ఎవరడిగినా ఒకటే జవాబు.

"మా అల్లుడాండీ? యూనివర్శిటీలో ఏంటో మోస్తాడండి."

ఈ వాక్యము కొబ్బరి బళ్ళతోబాటు ఊరూరా తిరిగి, చివరకు గున్నేశ్వరరావు ధర్మపత్ని సత్యలక్ష్మి చెవినబడెను. పడిన మరునాడే ఆమె పుట్టింటికి పోయి, తండ్రి యెదుట కొంగు బిగించి, "ఈసారి పుస్తకంలో ఆయన పేరు అచ్చులో పడుతుంది నాన్నగారూ, అప్పుడు చూద్దురుగాని ఏం మోస్తున్నారో" అని ప్రతిజ్ఞ చేసి వచ్చెను. ప్రతిజ్ఞ ఆమెది. నెరవేర్చవలసినవాడు భర్త. ఇది పూర్వయుగములనుంచి వచ్చుచున్న మర్యాదే.

"ఏమండీ, పేరు పడుతుంది కదా?" అని ఆమె ఆ రాత్రి కంచంలో చారు పోస్తూ అడిగింది.

"ఆచార్యులవారు మాటిచ్చారు కదా."

"మాటిచ్చారా, అచ్చిచ్చారా?"

గున్నేశ్వరరావు చారు జుర్రెను. జవాబు లేనప్పుడు చారు జుర్రుట మగవారి యుద్ధతంత్రములలో మొదటిది.

ఆ ఆచార్యుడు అమ్మిరాజుగారు. ఆ గ్రంథము 'గోదావరి రేవుల సుంకముల చరిత్ర'. దిండు క్రింద పెట్టుకొన్నచో మెడనొప్పి ఖాయమైనంత లావు. దాని చిట్టచివరి పుట 'కృతజ్ఞతలు'. ఆ చిట్టచివరి పుటలో చిట్టచివరి పంక్తిగా 'సంపాదక సహకారం: గున్నేశ్వరరావు' అని వేయింతునని ఆచార్యులవారు కాఫీ సాక్షిగా పలికియుండిరి. ఆ ఒక్క పంక్తి కొరకే మన వీరుడు ఆ గ్రంథమును మొదటినుంచి చివరిదాకా మూడు పర్యాయములు చదివినాడు. లోకమున ఆ పని చేసినవాడు అతడొక్కడే. గ్రంథకర్త కూడ చేయలేదు.

అయితే ప్రూఫు పోయి వచ్చిన ప్రతిసారి ఆచార్యులవారి కృతజ్ఞత పోటు గోదావరివలె పొంగుచుండెను. ముందు బావమరిదికి, తరువాత బావమరిది బావమరిదికి, ఆపైన సాయంకాలములందు రేడియో గొంతు తగ్గించిన పొరుగింటి వెంకటరాజుగారికి. పుట నిండెను. కట్టకడపటి ప్రూఫున, పన్ను పీకిన దంతవైద్యునికి ఒక పంక్తి వచ్చి చేరెను. పుటకు చుట్టూ ఇనుప చట్రముండును. ఆ చట్రము సాగదు. పైనుంచి ఒక పంక్తి దిగినచో క్రిందినుంచి ఒకటి రాలవలసిందే.

కంపోజిటర్ ఏసురాజు, సీసపు అక్షరములను ఏరి పేర్చుటలో చేయి తిరిగినవాడు, రాలిన పంక్తిని అరచేత పెట్టుకొని వచ్చి చూపెను.

"మీ లైను కింద పడిపోయిందండి."

యుద్ధభూమిని వెల్లకిల పడియున్న అభిమన్యునివలె, తన పేరు ఏసురాజు అరచేతిలో వెల్లకిల పడియుండుట గున్నేశ్వరరావు చూచెను. గొడుగు తీసికొని ఆచార్యగృహమునకు బయలుదేరెను.

అమ్మిరాజుగారు వసారాలో చాప మీద కూర్చుని, తాటిముంజెలను బొటనవ్రేలితో పెకలించుకొని తినుచుండిరి. ఆ సన్నిధిని నిలబడి మన వీరుడు ప్రళయకాలజలధరగర్జాసన్నిభమగు స్వరమున ఇట్లు పలికెను. "ఆచార్యా, వినుము. నీ మూడవ అధ్యాయమున రెండు శతాబ్దములు తారుమారైనప్పుడు వానిని చెవులు పట్టి తెచ్చి యథాస్థానమున నిలబెట్టినవాడెవ్వడు. ఒకే రాజును నీవు ఒక పుటలో పిడుగుపాటునను, వేరొక పుటలో విరేచనములచేతను చంపగా, పిడుగును మాన్పించి వానికి ఒకే మరణము ప్రసాదించినవాడెవ్వడు. నీవు రేవులేని ఊరికి రేవు కట్టితివి, ఆ రేవును రాత్రికి రాత్రి ఎత్తించినవాడెవ్వడు. అట్టి నాకు ఒక్క పంక్తి లేదా."

ఇదంతా కడుపులో పలికాడు. పైకి వచ్చింది ఇంతే.

"చోటు చాలట్లేదండి. ఆఖరి లైను పడిపోతోందండి."

"పడిపోతే పడిపోనీవయ్యా. ఏముందందులో?"

"నా పేరండి."

ఆచార్యులవారు ముంజె మింగేదాకా ఆలోచించారు.

"నువ్వు మనవాడివి కదయ్యా గున్నేశ్వరరావ్. మనవాళ్ళకి మనం కృతజ్ఞతలు చెప్పుకుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? పరాయివాడేమో అనుకోరూ? మా ఆవిడ పేరు వేశానా? వెయ్యలేదు. ఎందుకూ? మన మనిషి కాబట్టి."

"పోనీ, దంతవైద్యులుగారిది తీసేస్తేనండి?"

"ఇంకా రెండు పళ్ళున్నాయయ్యా, ఆయన చేత పీకించుకోవాల్సినవి."

"వెంకటరాజుగారిదండి?"

"రేడియో మళ్ళీ పెంచుతాడు. పోనీ కొత్త పేజీ కలపరాదూ?"

"కొత్త పేజీ అంటే కాగితం కమిటీ కూర్చోవాలండి."

"అమ్మో," అన్నారు ఆచార్యులవారు. కాగితం కమిటీ కూర్చునేలోగా గోదావరి దిశ మార్చుకున్నా మార్చుకుంటుందని ఇద్దరికీ తెలుసు. "అయితే ఆ కింద ఏదో బొమ్మ ఉంటుంది చూడు, దాన్ని తీయించుకో. ముంజె తింటావా?"

ఆ క్రింద ఉండు బొమ్మయే మత్తేభద్వయము.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. రెండు మత్తేభములన్నాను కదా. అవి నిమ్మకాయంత ఎత్తు ఉంటాయి. చెక్కకు దిగ్గొట్టిన లోహపు బ్లాకులు. వీరుడు ఏనుగుతో పోరాడాడన్నాను గాని, ఆ ఏనుగు ఊపిరి తీస్తుందని నేనెక్కడా అనలేదు. మీసం అలాగే ఉంటుంది.

ఆ ఏనుగులు ప్రెస్సు యజమానురాలు పాపాయమ్మగారి ఇలవేల్పులు. కోమట్ల ఇంటి కోడలై వచ్చి, పెనిమిటి పోయిన పిదప ప్రెస్సును తన చేతిమీదుగా నడుపుచున్న సింహాసనేశ్వరి ఆమె. అటొక ఏనుగు, ఇటొక ఏనుగు, తొండములెత్తి ఎదురెదురుగా నిలుచును. నడుమ తామరపువ్వు. ఆ ప్రెస్సునుంచి వెలువడు ప్రతి కాగితము క్రిందను అవి నిలువవలసిందే. కార్డులైతే మాత్రము తామరపువ్వు తీసి, ఆ చోట పేర్లు వేయుదురు. ఏనుగుల నడుమ జంటపేర్లుంటే పెళ్ళి, ఒంటిపేరుంటే పెద్దకర్మ అని అమలాపురం నుంచి కొవ్వూరు దాకా చదువురానివాళ్ళకు కూడా తెలుసు. ఈ సంగతి ఇక్కడ పెట్టి వెళ్తున్నాను. మళ్ళీ కావాలి.

"ఎండన పడి వచ్చావేం బాబూ," అన్నారు పాపాయమ్మగారు గల్లాపెట్టె వెనకనుంచి. "కూర్చో, మజ్జిగిస్తాను."

"మజ్జిగొద్దండి. ఈ ఒక్క పేజీకీ ఏనుగుల్ని కాస్త పక్కకి తోలితే..."

"ఎక్కడికి తోలమంటావు?"

"ఎక్కడికో అక్కడికండి. ఒక్క లైను చోటు కావాలండి."

పాపాయమ్మగారు కళ్ళజోడు తీసిరి. ఆమె కళ్ళజోడు తీసినచో మిషను కూడ ఆగునని ప్రతీతి.

"మా ఆయన వాటిని మద్రాసు నించి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. నిడదవోలులో పెట్టె పోయింది, చెప్పులు పోయాయి, ఏనుగులు పోలేదు. ఎర్రజెండా వాళ్ళొచ్చి కరపత్రం మీద ఏనుగులేంటండీ అన్నారు. నిలబెట్టే వేశాం. పాస్టరుగారొచ్చి క్రిస్మసు కార్డు మీద ఏనుగులేంటమ్మా అన్నారు. పశువులపాకే కదండీ, ఒక మూల ఉంటాయిలెండి అన్నాను. గేదె తప్పిపోయిందని నోటీసేస్తే దాని కింద కూడా ఏనుగులున్నాయి. గేదె దొరికింది. నీ రేవుల పుస్తకం ఇంతకంటే గొప్పదా?"

ఈ ధర్మప్రసంగము ముగించి ఆమె మజ్జిగకై లోనికేగెను. అదను చూచి గున్నేశ్వరరావు చొక్కా చేతులు పైకి మడచెను. అపుడు, ఏసురాజు గుటకలు మ్రింగుచుండగా, గోడనున్న గడియారము గుండె బిగబట్టగా, ఆ వీరవరేణ్యుడు రాతిబల్లపై ఉన్న పుట మీదికి లంఘించి, కుడివైపు కరీంద్రమును తోకవద్ద గోళ్ళతో పట్టి, మందరపర్వతమును పెకలించువాని చందమున ఊపి, లాగి, గుంజి, మరల ఊపి, మోకాలు బల్లకానించి, పండ్లు కొరికి, ఉన్న బలము చాలక చిన్ననాడు తిన్న జున్ను బలమును కూడ పిలిపించుకొని పెకలింపజూచెను. ఏనుగు కదలలేదు. చట్రము బిగించియున్నది. ఏనుగునకు బదులు గున్నేశ్వరరావు బొటనవ్రేలి గోరు కదిలెను. ఒక నెత్తురు బొట్టు 'కృతజ్ఞతలు' అను శీర్షిక మీద పడెను. పుస్తకము మొత్తములో ఆ శీర్షికకు తగిన పని జరిగినది అప్పుడే.

"వద్దండీ బాబూ, బిగించేసి ఉందండి," అని ఏసురాజు గొణుగుతూనే ఉన్నాడు.

పాపాయమ్మగారు మజ్జిగ గ్లాసుతో గడపలో నిలబడి ఉన్నారు.

"ఏంటది?"

"ఇంకు అంటిందండి. ఏనుగుని తుడుస్తున్నాను."

"తోక పట్టుకునా?"

అంతట గున్నేశ్వరరావు అస్త్రసన్యాసము చేసెను. ముక్కాలిపీట మీద కూలబడి, మజ్జిగ పుచ్చుకొని, మామగారి మాట, భార్య ప్రతిజ్ఞ, ఆచార్యుని ముంజెలు, సర్వము విన్నవించెను. అది ప్రసంగము కాదు. మధ్యలో రెండుసార్లు ఆగి మజ్జిగ తాగాడు, ఉప్పు ఎక్కువైందన్నాడు.

"ద్రాక్షారామం సత్తిరాజా?" అన్నారు పాపాయమ్మగారు. "కొబ్బరికాయల సత్తిరాజు? వాళ్ళమ్మ పెద్దకర్మ కార్డులు మన దగ్గరే వేశాం. మోస్తాడన్నాడా నిన్ను?"

"ఏంటో మోస్తాడన్నారండి. ఏంటో కూడా ఆయనకి తెలీదండి."

ఆమె గల్లాపెట్టె మూసి కళ్ళజోడు పెట్టుకుంది.

"మా నాన్న కూడా మా ఆయన్ని సీసపుముక్కలు ఏరుకునేవాడనేవాడు. పోయేదాకా అన్నాడు." ఆపైన గొంతు మార్చి, "ఏసూ, ఏనుగులు కదలవు. ఆ మధ్యలో తామరపువ్వుంది చూడు, అది మా ఆయన తెచ్చింది కాదు. మా మరిది తెచ్చాడు. వాటాల్లో మమ్మల్ని ఏడిపించినవాడు. తీసి పారెయ్," అన్నారు.

ఇట్లు పాతికేండ్ల జ్ఞాతివైరము ఒక్క క్షణమున గున్నేశ్వరరావునకు సేనయై వచ్చెను. తామరపువ్వు రాలెను. ఆ ఖాళీలో 'సంపాదక సహకారం' పట్టలేదు.

"పేరు చాల్లే," అన్నారు పాపాయమ్మగారు. "లావు టైపులో పెట్టు. నల్లగా, నిండుగా ఉండాలి. సత్తిరాజుకి కళ్ళజోడు లేకపోయినా కనపడాలి."

ఏసురాజు పెట్టెను. ఒక ప్రతి లాగి వెలుతురున పట్టి, ముందుకు వెనుకకు తల ఆడించెను.

"ఎక్కడో చూసినట్టుందండి."

"నీకన్నీ చూసినట్టే ఉంటాయి. మిషనెక్కించు."

పప్పు రోజూ తినేవాడికి పప్పు రుచి తెలియనట్లు, ఆ ప్రెస్సులో ఎవరికిని తోచలేదు. ఆచార్యులవారు ప్రూఫున దంతవైద్యుని పేరుదాకా చూచి, ఆపైన ఉన్నది తనకు సంబంధించినది కాదు గనుక చూడక, 'అచ్చు వేసుకోవచ్చు' అని సంతకము చేసిరి. గ్రంథము వెలువడెను. సభ జరిగెను, దండలు పడెను, వక్తలందరు గ్రంథము యొక్క బరువును కొనియాడిరి. ప్రతులు గోడౌనుకేగెను. ఒక్క ప్రతిని మాత్రము సత్యలక్ష్మి పసుపుగుడ్డలో చుట్టి, ద్రాక్షారామం బస్సు కండక్టరు చేతికిచ్చి తండ్రికి పంపెను.

సత్తిరాజుగారు వ్యాపారస్తుడు. ఏ పుస్తకమైనా చివరి పేజీనుంచి చూస్తారు, మొత్తం అక్కడే ఉంటుంది కనుక. తెరిచెను. అటొక ఏనుగు, ఇటొక ఏనుగు, నడుమ నల్లగా, నిండుగా, ఒంటిగా, అల్లుని పేరు.

మరునాటి ఉదయము గున్నేశ్వరరావు వీధి అరుగు మీద కూర్చుని పెసరట్టు తింటుండగా, ఇంటి ముందు రిక్షా ఆగింది. సత్తిరాజుగారు దిగారు. కళ్ళు చింతనిప్పులు, నోట్లో తువ్వాలు, చంకలో పుస్తకం.

"అమ్మా సత్యా, ఎంత పని జరిగిపోయిందే," అంటూ రెండు మెట్లెక్కి, అల్లుణ్ణి చూసి, మూడో మెట్టు మీద ఆగిపోయారు.

"అల్లుడుగారూ," అన్నారు చాలా నెమ్మదిగా. "తమరు... తింటున్నారా?"

"రండి మావయ్యగారూ. మీకూ ఒకటి వెయ్యమంటారా?"

"మరి ఈ ఏనుగులేంటండి?"

లోపలినుంచి అట్లకాడతో వచ్చిన సత్యలక్ష్మి పుస్తకం చూసింది, తండ్రిని చూసింది, మొగుణ్ణి చూసింది. "చోటు లేక అక్కడ వేశారు నాన్నగారూ. పుస్తకానికి పని చేసినందుకు. చెప్పాను కదా, పేరు పడుతుందని."

సత్తిరాజుగారు అరుగు మీద చతికిలబడ్డారు.

"రామచంద్రపురం దాటేదాకా ఏడుస్తూనే ఉన్నానండి. పక్కనాయన ఎవరు పోయారండీ అన్నాడు. మా అల్లుడండి అన్నాను. ఏం చేసేవాడండీ అన్నాడు." ఇక్కడ ఆయన తువ్వాలు మడత పెట్టుకున్నారు. "పోయిన మనిషి గురించి ఏంటో మోసేవాడండీ అనడానికి నోరు రాలేదండి. ఈ పుస్తకం తీసి చూపించాను. యూనివర్శిటీలో ఇంతలేసి పుస్తకాలు ఈయన చెయ్యి పడకుండా బైటికి రావండి, ప్రొఫెసర్లే ఈయన కోసం కాసుక్కూచుంటారండి అన్నాను. బస్సు బస్సంతా అయ్యో అంది. డ్రైవరు కూడా అన్నాడండి."

గున్నేశ్వరరావు పెసరట్టు ముక్క కంచంలో పెట్టేశాడు.

"మరి ఇప్పుడెలాగండి?"

"ఎలాగేంటండి? బస్సులో మా ఊరివాళ్ళు నలుగురున్నారు. ఈపాటికి ఊరంతా పాకి ఉంటుంది. పోలేదని చెప్పుకుంటాను, అదేం కష్టం కాదు. మళ్ళీ మోస్తాడని మాత్రం ఏ మొహంతో చెప్పను?" ఆయన అల్లుడి వంక మొదటిసారి తీరిగ్గా చూశారు. "అమ్మా, ఆ అట్టేదో వెయ్యి. అల్లం కాస్త ఎక్కువ."

వినుడు జనులారా. ఇట్లు బ్రతికియుండగనే బస్సునిండ సంతాపము సంపాదించి, మోతగాడు అను బిరుదమును ద్రాక్షారామ మండలమునుంచి శాశ్వతముగ బహిష్కరించి, లావు టైపున ఒకానొక పంక్తిలో సగమును జయించిన గున్నేశ్వరరావు విజయము ఆచంద్రార్కము, లేదా గోడౌనులో చెదలు ఆ పుటకు చేరుదాక, వర్ధిల్లును.

ఇక నా మీసం సంగతి. తోక నిజమే. తొండం దగ్గర మాత్రం కాస్త కల్పించాను. ఎడమవైపు ఏనుగుకు తొండం దివ్యంగా ఉండేది. కుడివైపు దానికి మిషను కింద నలిగి నలిగి ఎప్పుడో ఊడిపోయింది. దంతాలు అరిగి పైకి తేలి కొమ్ముల్లా కనపడేవి. అచ్చులో పడితే అది అచ్చం దున్నపోతే. మధ్యలో ఒంటిపేరు, పక్కన దున్నపోతు నిలబడి ఉంటే సత్తిరాజుగారు ఏడవక ఏం చేస్తారు. కాని వీరుడన్నవాడు తోక పట్టి పోరాడినది దున్నపోతుతో అని చెబితే బాగుండదు కదా. అందుకని ఆ ఒక్క తొండం నేను తగిలించాను.

కోటిపల్లి రేవుకు రేపు వెళ్తాను. రేపు మంగళవారం కాకపోతే.